మంచు మీద చెప్పుల జత

పెట్టి వచ్చేశాను. ఇక కారులో కూర్చుని చూడడమే పని. ఆ గాజు తలుపుల ముందు, మంచు పేరుకున్న మెట్టు మీద, నా హవాయి చెప్పులు, నీలం పట్టీలవి, ఎడమ దానికి పట్టీ ఊడకుండా పిన్నీసు పెట్టినవి, మొనలు రెండూ తలుపు వైపు తిరిగి ఉన్నాయి, నేనే అక్కడ నిలబడి ఎప్పుడు తీస్తారా అని చూస్తున్నట్టు. ఇప్పుడిప్పుడే తెల్లవారుతోంది. మిల్టన్ ఊరు ఇంకా దుప్పటి కిందే ఉంది. పార్కింగ్ అంతా జిన్నింగు మిల్లు ముందు పారబోసిన పత్తిలా తెల్లగా ఉంది, చూస్తే మెత్తన, అడుగు వేస్తే ఎముక కొరుకుతుంది. వెనక సీట్లో చరిత నిద్రపోతోంది, పదేళ్ళ పిల్ల, బేస్‌బాల్ గ్లవ్ చెంప కింద పెట్టుకుని. పాత సామాన్ల దుకాణంలో దొరికిన గ్లవ్ అది, ఎవరి పిల్లవాడో దాని మీద తన పేరు రాసుకుని సగం చెరిపేశాడు. ఎనిమిదింటికి ఈ కమ్యూనిటీ సెంటర్ తలుపులు తీస్తారు. లోపల బేస్‌బాల్ లీగ్ వాళ్ళు బల్లలు వేసుకుని కూర్చుని ఎండాకాలం సీజన్‌కి పిల్లల్ని చేర్చుకుంటారు. పాత పిల్లలు ఎప్పుడో ఇంటర్నెట్‌లోనే చేరిపోయారట; కొత్తవాళ్ళకి మిగిలినవి కాసిని చోట్లు, చరిత ఈడు పిల్లలకి మరీ తక్కువ, ముందు వచ్చినవాళ్ళకి ముందు. నేను అందరికంటే ముందు వచ్చాను. వచ్చానని నాకు తెలుసు. కానీ ఇప్పుడు ఒక్కొక్క కారే వచ్చి ఆగుతోంది, ఎవరూ ఇంజన్ ఆపడం లేదు, ఎవరూ దిగడం లేదు, ఎవరి అద్దాల వెనక వాళ్ళం వెచ్చగా కూర్చుని ఒకరినొకరం ఓరగా చూసుకుంటున్నాం. తలుపు తీయగానే అందరం ఒకేసారి దిగి ఉరికితే ముందు వచ్చింది ఎవరని చెప్పేదెవరు? ఈ చలిలో పిల్లని నిలబెట్టలేను, నిద్రపోయే పిల్లని ఒంటరిగా కారులో వదిలి నేను నిలబడలేను. ఇంట్లో చెప్పులతోనే కారు దాకా వచ్చి, కారులో బూట్లు తొడుక్కోవడం నా అలవాటు. చెప్పులు కాళ్ళ దగ్గరే ఉన్నాయి. వాటిని చూశాను. ఇక ఆలోచించలేదు.

ఆలోచిస్తే పెట్టేదాన్ని కాదు. హుస్నాబాద్ సొసైటీ గోదాం ముందు వంటబట్టిన చదువు అది, బుర్రని అడగకుండానే పని చేసేస్తుంది. వానాకాలం నాట్లు పడ్డాక యూరియా లారీ వస్తుందన్న కబురు ముందే ఊళ్ళోకి వచ్చేది, లారీ ఎప్పుడొస్తుందో మాత్రం లారీకే తెలియదు. మా బాపు కొమరయ్య నన్ను సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పొద్దు పొడవకముందే తీసుకుపోయేవాడు. గోదాం గోడ పొడుగునా అప్పటికే చెప్పుల వరుస ఉండేది: తోలు చెప్పులు, టైరు చెప్పులు, తెగి ముడేసిన చెప్పులు, చెప్పులు లేనివాళ్ళు పెట్టిన రాయి, తువాల, ఎవరిదో ఊతకర్ర. బాపు తన జత విడిచి చివరన పెట్టి నన్ను అడిగేవాడు, "బిడ్డా, నా ముంగట ఎవలి చెప్పులున్నయే?" "రాఘవులు తాతయి, మడిమ కాడ అరిగినయి." "యాదికుంచుకో. మనయి కాదు యాదికుండాల్సింది, మన ముంగటియి." అంతే, నన్ను గోడ నీడన కూర్చోబెట్టి చాయ్‌కి పోయేవాడు. చెప్పులున్న చోట మనిషి ఉన్నట్టే. దాటరు, తొక్కరు, జరపరు. ఊరి సర్పంచ్ వచ్చినా ఆయన జోళ్ళు కూడా వరుస చివరికే పోయేవి, ఆ ఒక్క రోజు. ఒకసారి లారీ వెనక్కి వస్తూ సగం వరుసని చెల్లాచెదురు చేసింది. తిట్లు, అరుపులు, తన జత దొరకనివాడి శాపాలు. అయినా చాయ్ చల్లారేలోపు వరుస మళ్ళీ నిలబడింది. ఎవరి చోటు వాళ్ళు చెప్పుకుంటే కొట్లాట అయ్యేది. ఎవరి ముందు ఎవరున్నారో చెప్పారు, అది అబద్ధం ఆడడానికి ఎవరికీ లాభం లేదు. నేను తర్వాత ఎమ్మెస్సీ చదివి, సిద్దిపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకి బోటనీ చెప్పాను, మొక్క వేరు నీటిని ఎలా పైకి పంపుతుందో బోర్డు మీద రంగు సుద్దలతో గీశాను. కానీ మనుషులు ఒకరినొకరు నమ్మడం ఎలాగో మాత్రం ఆ గోదాం గోడ దగ్గరే నేర్చుకున్నాను.

అమ్మో, ఎవరో దిగారు. ఎత్తు చక్రాల ట్రక్కు లోంచి ఎర్ర గళ్ళ కోటు మనిషి, గడ్డం నిండా నెరుపు, చేతిలో కాఫీ కప్పు, తలుపు దగ్గరికి పోయి నా చెప్పుల ముందు ఆగాడు. వంగి చూస్తున్నాడు. కాలితో తోసేస్తాడా? తోస్తే ఏం చేస్తాను, దిగుతాను, దిగి ఏమంటాను? ఇక్కడ నేను చదివే కాలేజీలో ప్రజెంటేషన్ రోజు కూడా నా ఇంగ్లిష్ మొదటి రెండు మాటల దాకా నా వెనకే దాక్కుంటుంది. అతను తల తిప్పి కార్లన్నిటినీ ఒక్కొక్కటే చూస్తున్నాడు, ఇవి ఎవరి కాళ్ళు అని. అద్దం దించి చెయ్యి ఎత్తాను. మంచులో కరకర అడుగులు వేసుకుంటూ వచ్చాడు.

"ఆ చెప్పులు మీవా?" ఇంగ్లిష్‌లోనే, నెమ్మదిగా.

"నావే. మొదట వచ్చింది నేను. చలి కదా. అవి నిలబడతాయి, నేను కూర్చుంటాను."

అతను చెప్పుల వైపు చూసి, నా వైపు చూసి, వెనక సీట్లో ముడుచుకున్న పిల్ల వైపు చూశాడు. నవ్వలేదు. యూరియా బస్తా ధర చెప్పినప్పుడు బాపు ఆలోచించేవాడే, అలా ఆలోచించాడు. "అయితే రెండోవాణ్ణి నేను."

"రెండు మీరే."

కప్పులో మిగిలిన కాఫీ గుక్కెడు తాగేసి, తిరిగి వెళ్ళి, ఆ ఎర్ర కప్పుని సరిగ్గా నా చెప్పుల వెనక పెట్టాడు, పెట్టి, ఒక్క క్షణం ఆగి, దాని చెవిని కూడా తలుపు వైపుకి తిప్పాడు. అప్పుడు నవ్వొచ్చింది నాకు, కళ్ళలో నీళ్ళొచ్చాయి, చలికి అని చెప్పుకున్నాను. తర్వాత ఇక చెప్పాల్సిన పని లేకపోయింది. పొడుగు కోటు ఆవిడ కారు మీద మంచు దులిపే బ్రష్షు తెచ్చి కప్పు వెనక పెట్టింది. సర్దార్జీ ఒకాయన పిల్లలు ఆడుకునే పసుపుపచ్చ ప్లాస్టిక్ పార పెట్టాడు. ఇంకొకాయన ఒక స్కేటింగ్ బూటు, ఒంటిది, రెండోది కొడుకు కాలికే ఉందేమో. మిల్టన్‌లో, ఫిబ్రవరిలో, మా సొసైటీ గోదాం గోడ. బాపు చూస్తే ఏమనేవాడో తెలుసు, ఏమీ అనేవాడు కాదు, తువాలతో మూతి తుడుచుకుని అటు తిరిగేవాడు, సంబరమైనప్పుడల్లా ఆయన చేసేది అదే.

ఇంతకీ ఈ ఆట ఏమిటో పోయిన ఎండాకాలం దాకా నాకు తెలియదు. సర్రున బంతి రావడం, ఒకడు కర్రతో కొట్టడం, కొట్టి కర్ర పారేసి ఉరకడం. కర్ర ఎందుకు పారేస్తాడో అర్థం కాక నేనూ మా ఆయన మహీధరూ తల పట్టుకున్నాం, మన దగ్గర బ్యాటు వదిలితే తిడతారు కదా. మేము పోయి అడిగేసరికే లీగ్ నిండిపోయింది, రండి వచ్చే ఏడు అన్నారు. వచ్చే ఏడు అన్న మాట పెద్దవాళ్ళకి చిన్నది, పిల్లలకి అది ఇంకో జన్మ. చరిత రోజూ సాయంత్రం మైదానం కంచె పట్టుకుని నిలబడేది, ఇనుప జాలీ వేళ్ళ సందుల్లో అచ్చులు పడేదాకా. గీత దాటి తప్పుగా పోయిన బంతి కంచె మీదుగా బయట పడేది, దాని కోసమే ఆ పిల్ల కాచుకుని ఉండేది, గడ్డిలోకి ఉరికి తీసుకుని, ఎవరూ అడక్కుండానే, ఒక్క ఊపుతో కంచె మీదుగా తిరిగి విసిరేది. మొదటిసారి విసిరితే లోపల బంతి వేసే పిల్లవాడు కదలకుండా చెయ్యి చాచాడు, బంతి పోయి వాడి గ్లవ్‌లోనే పడింది. రెండోసారీ అంతే. మూడోసారి కోచ్ ఆట ఆపి కంచె దగ్గరికి వచ్చాడు, సన్నటి మనిషి, మెడలో ఈల. "ఎవరి పిల్ల ఈమె?" అని అడిగాడు. ఎంత చిన్న ప్రశ్న అది. బెంచీ మీద టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నేను లేచి నిలబడ్డాను, డబ్బా జారి పులిహోర గడ్డి మీద పడింది, పడితే పడనీ. "నా పిల్ల" అన్నాను. ఈ దేశానికి వచ్చాక నేను తడుముకోకుండా చెప్పిన మొదటి ఇంగ్లిష్ ముక్క అది. చలికాలంలో కొత్తవాళ్ళని చేర్చుకుంటాం, స్వయంగా రావాలి, తొందరగా రావాలి, నేను చోటు పట్టి ఉంచలేను, వరుస వరుసే, అన్నాడు. వరుస వరుసే అన్నప్పుడే ఆ మనిషి మీద గురి కుదిరింది నాకు.

ఆ విసురు ఎక్కడిదో నాకు తెలుసు. మహీధర్ తన పోలిక అంటాడు, అననీ, మగవాళ్ళకి ఆ మాత్రం ఆశ ఉండాలి. జొన్న పాలు పోసుకునే రోజుల్లో మా చేలో మంచె మీద కాపలా నాదే. నాలుగు గుంజల మీద కట్టెలు పరిచిన మంచె, ఎక్కితే ఊరంతా నా కిందే. పిట్టల గుంపు మబ్బులా దిగేది. వడిసెలలో రాయి పెట్టి, తాళ్ళు రెండూ పిడికిట్లో పట్టి, తల మీదుగా గిరగిరా తిప్పి, సరిగ్గా ఎక్కడ ఒక తాడు వదలాలో ఆ చోట వదిలితే, రాయి ఊళ వేసుకుంటూ పోయేది. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, గట్టు మీద కలుపు ఏరుతూ తల ఎత్తకుండానే చప్పుడుని బట్టి చెప్పేది, "భుజంతోని ఇసిరినవ్ పిల్లా, నడుముతోని ఇసురు." పిట్టని కొట్టకూడదు, పిట్ట పక్క కంకిని కొట్టాలి, గుంపు లేచిపోతుంది, ఒక్కటి చావదు, అది మా ఇంటి పద్ధతి. పెద్దబడిలో ఆటల పోటీలు పెడితే బంతి విసరడంలో నేను విసిరింది మైదానం దాటి పక్కవాళ్ళ మిరపతోటలో పడింది, కొలవడానికి టేపు చాలలేదు, పీటీ సారు గిన్నె బహుమతి ఇచ్చి, "ఆడపిల్లవి గానీ, లేకుంటే" అని ఊరుకున్నాడు. లేకుంటే ఏమిటో చెప్పలేదు. ఆ స్టీలు గిన్నె నా పేరు చెక్కి ఉంది, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చాను, ఇప్పుడు బేస్‌మెంట్‌లో దాంట్లోనే పెరుగు తోడేస్తాను. మొన్న డిసెంబరులో వెనక పెరట్లో చరిత మంచు ముద్ద చేసి కంచె గుంజకి గురి పెట్టింది. "భుజం కాదు బిడ్డా, నడుము" అన్నాను. పిల్ల ఒకసారి నన్ను చూసి, నడుము తిప్పి విసిరింది. గుంజ మీద తెల్లటి మచ్చ పడింది. "హౌ డిడ్ యూ నో దట్, అమ్మా?" అంది. మంచె గురించి చెబుదామని నోరు తెరిచి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇంకో ముద్ద చేసి ఇచ్చాను.

అద్దం మీద టకటక. మా ఇంటి ఓనర్ రాజగోపాల్ గారు. ఈయన ఎందుకొచ్చాడు ఇంత పొద్దున్నే? పైన ఆయన కుటుంబం, కింద బేస్‌మెంట్‌లో మేము. హైదరాబాద్ నుంచి అమెరికా, అమెరికా నుంచి ఇక్కడికి, పెద్ద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మనిషి చెడ్డవాడు కాదు, మొదటి చలికాలం తన పాత కోటు మహీధర్‌కి ఇచ్చాడు. కాకపోతే ఏం చెప్పినా మెట్ల మీది నుంచే చెబుతాడు. బేస్‌బాల్ అంటే, "అదెందుకమ్మా, మ్యాథ్స్‌లో వెయ్యండి పిల్లని, పోనీ క్రికెట్ అయినా కాదు" అన్నవాడు.

"ఏమ్మా శ్యామలా, ఆ చెప్పులు మీవే కదూ?"

"మాయేనండి."

"అనుకున్నాను. పిన్నీసు చూసి గుర్తుపట్టా, రోజూ మెట్ల దగ్గర చూస్తాను కదా. తీసెయ్యమ్మా ముందు. నలుగురూ చూస్తే మన ఇండియన్స్ గురించి ఏమనుకుంటారు? అసలే రోజూ న్యూస్‌లో మన గొడవే."

"వాళ్ళు గూడ పెట్టిండ్రు గదండీ. కప్పు, బ్రష్షు, అగో ఆ పార."

"వాళ్ళు సరదాకి పెట్టారు. మీరు సీరియస్‌గా పెట్టారు. అదీ తేడా."

"మరి మీరేం పెడ్తరు? ఆ బూటు వెనక ఖాళీనే ఉంది."

"నేనా?" చేతులు జేబుల్లోకి ఇంకా లోతుగా తోశాడు. "నేను జస్ట్ ఎంక్వయిరీకి వచ్చా. మీ అమ్మాయి పెరట్లో విసరడం చూసినప్పట్నుంచీ మా రోహిత్ గాడు ప్రాణం తీస్తున్నాడు, నాకూ బేస్‌బాల్ అని. వాడింకా పడుకునే ఉన్నాడు. ఓపెన్ అవ్వనీ, లోపలికెళ్ళి అడుగుతా."

ఆయన పోయి తన తెల్ల కారులో కూర్చున్నాడు, ఏమీ పెట్టకుండా. పరువు కాపాడుకున్నాడు. నాకు కోపం రాలేదు, రోహిత్ గాడి ప్రాణం తీతలో నా పిల్ల విసురుంది కదా, అది చాలు ఈ పూటకి. కానీ న్యూస్‌లో మన గొడవే అన్న మాట కారులోనే ఉండిపోయింది, తలుపు తీసినా పోని వాసనలా. నిజమే, రేడియో పెడితే చాలు, స్టూడెంట్లు ఎక్కువైపోయారు, ఇళ్ళు చాలడం లేదు, ఇక తగ్గిస్తారు, కోత పెడతారు. ట్రైనులో వీపున సంచులు వేసుకుని నిలబడే నల్గొండ పిల్లలూ, ఖమ్మం పిల్లలూ, కాఫీ షాపుల్లో యాప్రాన్లు కట్టుకుని నిద్రమొహాలతో నవ్వే పిల్లలూ, వాళ్ళందరిలో నేనొకదాన్ని, ముప్ఫయి ఆరేళ్ళ స్టూడెంటుని, క్లాసులో అందరూ అక్కా అంటారు, చరిత పుట్టినప్పటికి వాళ్ళు ఆరో తరగతో ఏడో తరగతో. వేళ్ళ గురించీ ఆకుల గురించీ చెప్పినదాన్ని, ఇక్కడ సప్లై చెయిన్ చదువుతున్నాను, అంటే సరుకు ఏ గోదాంలోంచి ఏ గోదాంకి ఎలా పోవాలో. మా సొసైటీ గోదాం గుమాస్తా కాళ్ళకి మొక్కితే సగం సిలబస్ అయిపోయేది. నేను చదివితే మహీధర్‌కి పని చేసే వీలు, పిల్లకి బడి. ఇప్పుడు ఈ క్షణాన అతను వేర్‌హౌస్‌లో పెట్టెలు దించుతూ ఉంటాడు, షిఫ్ట్ మార్చమంటే కుదరదన్నారట, మూడుసార్లు ఫోన్ చేశాడు, తలుపు తీశారా, తీశారా అని. నా చదువు ఏప్రిల్‌లో అయిపోతుంది, తర్వాత వర్క్ పర్మిట్‌కి అప్లై చేయాలి, ఏమవుతుందో, ఏ రూలు ఎప్పుడు మారుతుందో. ఆట సీజన్ మే నుంచి ఆగస్టు దాకా. మాకు సీజన్ అంటే విత్తనం, ఉంటామో లేమో తెలియని చోట విత్తనం వేస్తారా ఎవరైనా? మహీధర్ అదే అన్నాడు, మెల్లగా, పిల్ల వినకుండా. నేను అన్నాను, బాపు వేయలేదా, ప్రతి యేడూ, వాన వస్తుందని ఎవడు రాసిచ్చాడు ఆయనకి? ఉంటాం. జూలైలో ఎండ మాడుతుంటే నా పిల్ల ఈ ఊరి మైదానంలో, కంచెకి ఇవతల కాదు, అవతల ఉంటుంది. అందుకే ఆ చెప్పులు సీరియస్‌గా పెట్టాను రాజగోపాల్ గారూ. సరదాకి పెట్టేంత తీరిక లేదు నాకు.

తలుపు కదిలింది. చరితా, లే బిడ్డా, లే. కాదు, ఇంకా తీయలేదు, పక్క తలుపులోంచి ఎవరో, చెవుల్లో పాట పెట్టుకున్న కుర్ర ఉద్యోగి, మంచు తోసే పెద్ద పారతో వస్తున్నాడు, తల ఊపుకుంటూ, మెట్టు దగ్గరికి, వద్దు వద్దు, అద్దం దించేలోపే, పార ఒక్క తోపు తోసింది, చెప్పులు, కప్పు, బ్రష్షు, పసుపు పార, బూటు, మంచుతో కలిసి ఒకే కుప్ప. అతను వంగి, ఎవరో పారేసుకున్న సామాన్లనుకుని, ఒక్కొక్కటే ఏరి నీలం ప్లాస్టిక్ తొట్టెలో వేస్తున్నాడు, నా ఎడమ చెప్పు అడుగున, కుడిది ఎక్కడో. కార్ల తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. నేను చరిత చెయ్యి పట్టుకుని పరిగెత్తాను. కుర్రాడు చెవుల్లోంచి తీగలు లాగి, సారీ సారీ అంటున్నాడు, వాడిదేం తప్పు, వాడికి ఇది చెత్త. మెట్టు ముందు అందరం గుంపుగా నిలబడ్డాం, ఎవరూ అరవడం లేదు, ఇక్కడ అరవరు, భుజాలతోనే కాస్త కాస్త ముందుకి జరుగుతారు. ఇప్పుడే కారు దిగినవాళ్ళు కూడా జరుగుతున్నారు. రాజగోపాల్ గారు పక్క నుంచి తలుపు పిడి దాకా వచ్చేశాడు. లోపల ఎవరో తాళం తిప్పుతున్న చప్పుడు. చరిత నా కోటు లాగింది, "అమ్మా, వి వర్ ఫస్ట్." పిల్ల గొంతులో ఏడుపు లేదు, అడుగుతోంది అంతే, ఇది నిజమా కాదా చెప్పు అని.

గొంతు దానంతటదే వచ్చింది. చివరి బెంచీ దాకా వినబడే నా బోటనీ క్లాసు గొంతు, రెండేళ్ళుగా ఎక్కడ పడుకుందో. "ఒక్క నిమిషం" అన్నాను ఇంగ్లిష్‌లో. "మీ చోటు ఏదో చెప్పకండి. మీ ముందు ఏముందో చెప్పండి."

అందరూ నా వైపు తిరిగారు. ఎర్ర గళ్ళ కోటు మనిషి గొంతు సవరించుకున్నాడు. "నా ముందు చెప్పులు" అన్నాడు. పొడుగు కోటావిడ, "నా ముందు ఎర్ర కప్పు." "నా ముందు బ్రష్," సర్దార్జీ. "పసుపు పార," అన్నాడు స్కేటింగ్ బూటు ఆయన, అని నవ్వాడు, ఎంత తేలికో అప్పుడే తెలిసినట్టు. అలా పోతూ పోతూ వరుస దానికదే తాడులా సాగి నిలబడింది. రాజగోపాల్ గారి దగ్గరికి వచ్చేసరికి ఆయన చుట్టూ చూశాడు. ఆయన ముందు ఏమీ లేదు, ఎందుకంటే ఆయనే ఏమీ పెట్టలేదు. మెల్లగా పిడి వదిలి వెనక్కి నడిచాడు. ఎర్ర కోటు మనిషి తొట్టెలోకి వంగి, నా చెప్పులు రెండూ వెతికి తీసి, మంచు దులిపి, పిన్నీసు వంక చూసి, మొనలు తలుపు వైపు ఉండేలా నా ముందు పెట్టాడు. "చెప్పులు మొదట" అన్నాడు, వెనక ఉన్నవాళ్ళందరికీ వినబడేలా.

లోపల వేడిగా ఉంది, చెక్క నేల మీద బూట్ల నీళ్ళు. బల్ల వెనక కళ్ళద్దాల ఆవిడ, పక్కన ఆ ఈల కోచ్. ఆవిడ పిల్ల వైపు చూసి, ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ కూడా ఉంది, ఆ చివర బల్ల, అంది దయగానే. నేను ఏమీ అనకముందే చరిత చెప్పింది, "బేస్‌బాల్, ప్లీజ్." కోచ్ తల ఎత్తాడు. చూశాడు. "కంచె పిల్ల" అన్నాడు, తన పక్కావిడతో, ఆ మాటకి అర్థం ఆవిడకి ముందే తెలిసినట్టు ఆవిడ, ఓ, ఈమేనా అంది. పోయిన ఎండాకాలం నుంచి ఈ కాలం దాకా నా పిల్ల గురించి ఎక్కడో ఎవరి నోట్లోనో మాట నడిచింది, మేము లేని గదుల్లో. న్యూస్‌లో మన గొడవేనట. ఇదీ మన గొడవే మరి. పేరు అడిగారు, పిల్ల తన పేరు తానే చెప్పింది, అక్షరం అక్షరం. కోచ్ నన్ను అడిగాడు, ఈ విసరడం ఎక్కడ నేర్చుకుంది, ఏ క్లబ్బు? మంచె, జొన్నచేను, వడిసెల, గట్టు మీద అవ్వ, మిరపతోటలో పడ్డ బంతి, టేపు చాలని సారు, అన్నీ ఒకేసారి నోటి దాకా వచ్చి నిలబడ్డాయి, వరుస లేకుండా, ఒకటి వెనక ఒకటి పెట్టడానికి టైము లేదు, నా వెనక ఎర్ర కప్పు ఉంది. "నేను నేర్పాను" అన్నాను. చరిత నా వంక చూసింది, ఆ చూపు ఎలా చెప్పను, పదేళ్ళ పిల్ల తల్లిని మొదటిసారి కొలిచి చూస్తున్న చూపు అది. అయితే మైదానంలో మాకు తల్లిదండ్రుల సాయం కావాలి, వస్తారా, అన్నాడు. వస్తానన్నాను. ఆగస్టు దాకా.

మహీధర్‌కి ఫోన్ చేసి దొరికింది అంటే అటు పక్క పెట్టె ఏదో దబ్బున పడిన చప్పుడు, తర్వాత ఎవరినో పిలిచి, "మా బిడ్డకి బేస్‌బాల్ల సీటచ్చిందిరా" అని చెబుతున్నాడు, ఇంజనీరింగ్‌లో వచ్చినట్టు. బయటికి వస్తే పొద్దు పొడిచింది, వరుస తలుపు దాటి, మెట్టు దాటి, పార్కింగ్‌లోకి సాగింది. చిట్టచివర రాజగోపాల్ గారు, టోపీ కూడా లేదు, చెవులు ఎర్రగా కందిపోయాయి. నన్ను చూసి మొదట మొహం తిప్పుకున్నాడు. నేను కారు దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచాడు.

"శ్యామలా, అదీ, రోహిత్ గాణ్ణి కూడా తీసుకురావాలిట. పిల్లాడు లేకుండా చేర్చుకోరుట. ఇంటికెళ్ళి లేపి తీసుకొచ్చేసరికి..." మాట ఆపి నా చేతిలోని చెప్పుల్ని చూశాడు. "అవి ఓసారి ఇస్తావా?"

మెట్ల మీది నుంచి కాకుండా సమానమైన నేల మీద నిలబడి ఆయన నన్ను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. ఇంకో రోజైతే ఒక మాట అనేదాన్నేమో. నా దగ్గర మాట ఉంది కూడా, నాలుక చివరే. కానీ కడుపు నిండిన మనిషి ఎవరి విస్తరి వైపూ చూడదు, అలా ఉంది నా పరిస్థితి. ఆయన ముందు నిలబడ్డ చైనా ఆవిడ నీలం సంచి చూపించి, "మీ ముందు ఇది, యాదికుంచుకోండి" అన్నాను. ఆయన బుద్ధిగా తల ఊపాడు. వంగి, నా చెప్పులు రెండూ ఆ సంచి వెనక మంచు మీద పెట్టాను.

ఆయన కారు వైపు పోబోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, కిందికి వంగి, మొనలు తలుపు వైపు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, ఎడమ దాన్ని ఇంత జరిపాడు.